మూడు మెట్ల నవ్వు

ఆ రోజుల్లో నా లెక్క ప్రకారం లోకంలో మనుషులు ఐదు రకాలే. ఇప్పుడైతే ఒక్కో మనిషిలోనే ఐదుగురు కనబడి తికమకపడుతుంటాను గానీ, తొమ్మిదో తరగతిలో ఆ ఇబ్బంది లేదు. ఎవరినైనా ఒక్కసారి చూసి, వీరు ఫలానా అని తేల్చేసేవాణ్ణి. ఈ విద్య నాకు నేర్పింది మా నాటకం సారు.

మా బడి అమీర్‌పేటలో ఒక సందులో ఉండేది. కింద చీరల కొట్టు, పైన మూడంతస్తుల్లో మేము. మెట్రో స్తంభాలు లేస్తున్న కాలం కాబట్టి కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. (ఆటస్థలం ఏదని అడిగిన తల్లిదండ్రులకు మా ప్రిన్సిపాల్ మేడమ్ డాబా చూపించేవారు.) పక్క సందులో బడివాళ్ళు స్కేటింగ్ మొదలుపెట్టారని తెలిసి, మాకు చక్రాలు తిరిగేంత చోటు లేక, ఆవిడ నాటకం క్లాసు పెట్టారు. అలా ఒక శనివారం సారు వచ్చారు. మనిషి పిడికెడు, గొంతు మాత్రం కింద చీరలు కొంటున్నవాళ్ళు కూడా తలెత్తి చూసేంతటిది. ఒకప్పుడు ఊరూరా తిరిగి నాటకాలాడిన మనిషట. బోర్డు మీద 'మెలోడ్రామా' అని రాసి, కింద ఐదు గీతలు గీశారు. ధీరుడైన నాయకుడు, కష్టాలు పడే నాయిక, దుర్మార్గుడు, దగ్గే తండ్రి, నవ్వించే నౌకరు. ఇందులో ఒక్కొక్కరికి ఒక్కటే గుణం ఉంటుందనీ, రెండో గుణం కనబడితే ఆ పాత్ర చెడిపోయినట్టేననీ చెప్పారు. నాయకుడు మాట్లాడేటప్పుడు ఫ్యాను వైపు చూడాలి. తండ్రి గుండె పట్టుకోవాలి. (మాలో తండ్రి వేషం వేసినవాడు చివరిదాకా కుడివైపే పట్టుకున్నాడు.) దుర్మార్గుడు మడమ ముందు మోపి నడవాలి, మనిషి కంటే ముందు అతని నవ్వు రావాలి.

నాటకంలో దుర్మార్గుడి వేషం నాకు దక్కింది. ప్రతిభ వల్ల కాదు. ముప్ఫై ఎనిమిది మందిలో గొంతు మారింది నా ఒక్కడికే. మేనకోడలి వీలునామా కాజేసే మేనమామ పాత్ర. సారు నన్ను పక్కకి తీసుకెళ్ళి నవ్వు నేర్పించారు. అది మూడు మెట్ల నవ్వు. మొదటి మెట్టు ముక్కులో, రెండోది గొంతులో, మూడోది పొట్టలో. పొట్టలోంచి రావాలంటే రోజూ సాధన చెయ్యమన్నారు.

ఇంట్లో సాధన చేసే వీలు లేదు. నాకొక నాటకం ఉందన్న సంగతే ఇంట్లో తెలియదు. నాన్న నన్ను అప్పటికే మైత్రీవనం దగ్గర ఇంజినీరింగ్ ఫౌండేషన్ క్లాసులో చేర్పించారు. పొద్దున బడి, సాయంత్రం ఫౌండేషన్, ఆదివారం పరీక్ష. మధ్యలో వేషాలంటే ఆయన ఏమంటారో నాకు తెలుసు కాబట్టి, శనివారాలు సైన్సు ప్రత్యేక తరగతులని చెప్పాను. మా ఇంట్లో ఎవరు ఏ పాత్రో అప్పటికే తేల్చేశాను. అమ్మ కష్టాలు పడే నాయిక. (ఆవిడ కిందకి దిగితే వాచ్‌మన్ లేచి నిలబడేవాడన్న విషయం నేను పట్టించుకోలేదు.) నాయకుణ్ణి నేనే. మీసం ఉంది, నా బ్యాటు తీసి అలమరాలో పెట్టి తాళం వేశారు, నడిచేటప్పుడు మడమే ముందు పడుతుంది కాబట్టి, దుర్మార్గుడు నాన్న.

సాధనకి మా అపార్ట్‌మెంటు డాబా ఎంచుకున్నాను. క్లాసు నుంచి వచ్చాక పైకెక్కి, నీళ్ళ ట్యాంకు ముందు నిలబడి, లేని మీసం దువ్వి, "వీలునామా నా దగ్గరుంది, ఇక నిన్ను ఎవరు కాపాడతారు" అని నవ్వేవాణ్ణి. ఖాళీ ట్యాంకైతే నవ్వు తిరిగి వచ్చేది, చాలా తృప్తిగా ఉండేది. వారం తిరక్కుండానే, ఆరేసిన బట్టలు తీసుకోవడానికి వచ్చిన ఎదురింటి ఆంటీ ఇదంతా చూసింది. బట్టలు అక్కడే వదిలేసి, చప్పుడు చెయ్యకుండా కిందకి దిగి అమ్మతో చెప్పిందట:

"అక్కా, జర మనసు గట్టిగ చేసుకో. మీ పిలగాడు డాబా మీద ట్యాంకుతోని మాట్లాడుతుండు. మాట్లాడితే ఫికర్ లేదు. అది జవాబు చెప్పినట్టు నవ్వుతుండు సుత."

అమీర్‌పేటలో ఆ మాట నవ్వులాట కాదు. మా చుట్టూ అన్నీ హాస్టళ్ళు. చదివి చదివి ఒకరోజు పెట్టె సర్దుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా ఊరికి వెళ్ళిపోయిన పిల్లల్ని ఆంటీ చూసింది, అమ్మా చూసింది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో వాతావరణం మారింది. నా కంచంలో నెయ్యి పెరిగింది. నాన్న మార్కులడగడం మానేశారు. శుక్రవారం సాయంత్రం నా పక్కన కూర్చుని, ఇవాళ ఫౌండేషన్‌కి వెళ్ళక్కర్లేదులే అన్నారు. దుర్మార్గుడు తియ్యగా మాట్లాడాడంటే ఉచ్చు బిగిస్తున్నాడని సారు చెప్పి ఉన్నారు కాబట్టి, నేను జాగ్రత్తపడ్డాను.

మర్నాడు పొద్దున, కళ్ళు చూపిద్దామని చెప్పి పంజాగుట్టలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరుగారి గదిలో అక్షరాల పటం లేదు, బల్ల మీద కళ్ళు తుడుచుకునే కాగితపు రుమాళ్ళ డబ్బా ఉంది. ఆవిడ అమ్మానాన్నల్ని బయట కూర్చోమని, ఎంతో మెత్తగా, "ట్యాంకుతో ఏం మాట్లాడతావు బాబూ?" అని అడిగారు.

నాకు పిచ్చి పట్టిందనుకుంటున్నారని అప్పుడర్థమైంది. నిజం చెబితే నాటకం పోతుంది, ఫౌండేషన్ మిగులుతుంది. చెప్పకపోతే ఫౌండేషనే పోతుంది, బహుశా జీవితాంతం. ఇంత లాభసాటి పిచ్చి మళ్ళీ దొరకదనిపించింది. నిట్టూర్చి, నాయకుడిలా ఫ్యాను వైపు చూశాను. ఆవిడ ఏదో రాసుకున్నారు. రెండో ప్రశ్నకి ఇంకా బరువుగా నిట్టూర్చాను. సరిగ్గా అప్పుడు నర్సు ఫైలు తీసుకుని వెళ్తూ తలుపు సగం తెరిచి వదిలేసింది. బయట బెంచీ మీద నాన్న, అమ్మతో మాట్లాడుతున్నారు.

"వాడికి లెక్కలంటే ఇష్టం లేదని నాకు ముందే తెలుసు. తెలిసే చేర్పించాను."

అమ్మ ఏదో అంది. నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నారు. తుడిచి పెట్టుకున్నారు, మళ్ళీ తీసి తుడిచారు. గుండె పట్టుకోలేదు, పైకి చూడలేదు. సారు నేర్పిన ఐదింటిలో అలాంటి తండ్రి లేడు, అలాంటి దుర్మార్గుడూ లేడు. నాకు ఏం చెయ్యాలో తోచలేదు. డాక్టరుగారితో అసలు సంగతంతా చెప్పేశాను.

ఆవిడ రాయడం ఆపి, ఏదీ ఆ నవ్వు నవ్వి చూపించమన్నారు. లేచి నిలబడి నవ్వాను. ఏ రోజూ సరిగా రాని మూడో మెట్టు ఆ రోజే పొట్టలోంచి వచ్చింది. నాన్న పరుగున లోపలికి వచ్చారు, వెనకే అమ్మ, వెనకే సెక్యూరిటీ ఆయన. డాక్టరుగారు కాసేపు మొహానికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని, ఈ అబ్బాయికి జబ్బేమీ లేదండీ అని చెప్పి, మిగతాది నన్నే చెప్పమన్నారు. చెప్పాను. నాన్న కళ్ళజోడు సవరించుకుని అడిగారు.

"మాకెందుకు చెప్పలేదు?"

"మాన్పించేస్తావని."

"మాన్పించేవాణ్ణే," అన్నారు నాన్న. ఆటో ఎక్కాక, ఫ్లైఓవర్ దాటేదాకా ఆగి, "ఎప్పుడు నాటకం?" అని అడిగారు. అది అయ్యేదాకా ఫౌండేషన్‌కి సెలవు, అయ్యాక మామూలే అని ఒప్పందం కుదిరింది. (పదో తరగతి అయ్యేదాకా వెళ్ళాను. నేను ఇంజినీరునైతే కాలేదు.)

నాటకం బడి డాబా మీద, షామియానా కింద జరిగింది. నేను రాకముందే నా నవ్వు వెళ్ళింది. ముందు వరసలో ఒకటో తరగతి పాప ఏడుపు అందుకుంది. అంతకంటే పెద్ద బహుమతి నాకు మళ్ళీ రాలేదు. ఎదురింటి ఆంటీ, తను ముందే విన్న నవ్వు ఇదేనని చుట్టుపక్కల అందరికీ చెప్పుకుంది. నాన్న రెండో వరసలో చేతులు కట్టుకుని, ప్రశ్నపత్రం చదువుతున్నట్టు చూశారు.

అయ్యాక అమ్మా, ఆంటీ ఆటోలో వెళ్ళిపోయారు. నాన్నా నేనూ నడుస్తున్నాం. జిరాక్స్ దుకాణాల దగ్గరికి వచ్చాక, ఆయన ఉన్నట్టుండి, ఆ మూడో మెట్టు ఎక్కణ్ణుంచి వస్తుందిరా అని అడిగారు. నేను పెద్దవాడిలా వివరించాను. ఆయన ఆగి, అటూ ఇటూ చూసి, ముక్కుతో మొదలుపెట్టారు. గొంతు దాకా బాగానే వచ్చింది, ఆపైన దగ్గొచ్చింది. జిరాక్స్ తీసే ఆయన పని ఆపి చూశాడు. నాన్న మీసం సవరించుకుని, మళ్ళీ ఊపిరి తీసుకున్నారు. అంతే, క్లాసువాళ్ళెవరైనా చూస్తారేమోనన్న సిగ్గుతో, ఈ మనిషికీ నాకూ సంబంధం లేదన్నట్టు నేను నాలుగడుగులు ముందుకి నడిచేశాను.

నాన్న ఇప్పుడు రిటైరై నా దగ్గరే ఉంటున్నారు. మొన్న ఈ సంగతి అడిగితే, "నేనా, రోడ్డు మీదా? నీకేదో భ్రమరా," అని పేపరు పేజీ తిప్పారు. ఆ రోజు రెండోసారి ఆయన మూడో మెట్టు ఎక్కారో లేదో నాకూ తెలియదు. హారన్ల మోతలో వినబడలేదు, నేను తలతిప్పి చూడలేదు. పధ్నాలుగేళ్ళ వయసులో పరువు అంత పెద్దగా ఉండేది.