సత్తెమ్మ భరణం, అన్న వేలిముద్ర

1942 జూన్ 1న, సోమవారం, హైదరాబాదు హుస్సేనీ ఆలంలో ఒక వకీలు దఫ్తరులో గుమాస్తాగా చేరాను. మగ గుమాస్తా ఎదుట నోరు విప్పని ఆడవాళ్ల సంగతులు అడిగి రాసుకోవడం, వాళ్లను వకీలుగారితో మాట్లాడడానికి సిద్ధం చేయడం నా పని. జీతం నిజాం సర్కారు హాలీ రూపాయల్లో పద్దెనిమిది. అదే గదిలో కూర్చుని నా రాతకు నకళ్లు తీసే మగ గుమాస్తాకు ఇరవై ఎనిమిది. ఆ పది రూపాయలు మీసానికి కాబోలు.

ఆగస్టులో సత్తెమ్మ వచ్చింది. పాల వ్యాపారం చేసే ఇంటి కోడలు. భర్త మరొకామెను తెచ్చుకున్నాడు. యాభై రూపాయలు తీసుకుని ఇడుపు కాగితం, అంటే విడాకుల పత్రం మీద వేలిముద్ర వేసి పొమ్మన్నాడు. కులపెద్దలు న్యాయమేనన్నారు, ఆ పూట వాళ్లకు కల్లు పోయించింది అతనే. ఒకసారి ముద్ర పడితే ఇక నెలనెలా భరణం అడిగే దారి ఉండదు. కనుక ముందు భరణం తేలాలి.

అలాంటి దావాకు భర్త రాబడి తెలియాలి, భార్య ఖర్చు తెలియాలి, ఆమెకు వేరే ఆధారం లేదని చెప్పగలగాలి. మొదటి రెండూ సత్తెమ్మ ఒక్క పూటలో చెప్పింది. పాలిచ్చే బర్రెలు నాలుగు, రోజుకు ఇరవై నాలుగు సేర్లు, సేరు నాలుగణాలు. దాణా, గడ్డి పోను నెలకు డెబ్బై రూపాయలు మిగులుతాయి. తనకు కావలసింది పద్నాలుగు. అక్షరం రాని మనిషి. నేను కూడి చూస్తే అణా తేడా రాలేదు.

చిక్కు ఆమె అన్న నర్సయ్యతో వచ్చింది. రెండు నెలలుగా ఆమె అతని ఇంట్లోనే ఉంటోంది. వకీలుగారు అడిగినప్పుడు నువ్వు మాట్లాడకు అని అతనికి రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ సరేనని తల ఊపాడు.

దావా వేసే ముందు చివరి రోజు వకీలుగారు ఎదుటి పక్షం వకీలులా ప్రశ్నలు వేశారు. అది మా పద్ధతి. నిన్నిప్పుడు ఎవరు పోషిస్తున్నారని అడిగారు. సత్తెమ్మ నోరు తెరిచేలోగా నర్సయ్య లేచాడు.

“ఏంది సాబ్ గట్లడుగుతరు? మా చెల్లెకు ఏం తక్కువ? నా ఇంట్ల రాణి లెక్క ఉన్నది. బతికినన్ని దినాలు నేనే సాదుత. వాని పైసలు ఎవనికి గావాలె?”

వకీలుగారు ఫైలు కట్టేశారు. అన్నే సాకుతానంటుంటే దావా దేనికి, ఆ యాభై తీసుకోమని చెప్పు అన్నారు నాతో.

నేను బీరువాలోంచి ఎనిమిదణాల స్టాంపు కాగితం తీశాను. పేర్ల చోటు ఖాళీగా ఉంచి, చెల్లెలికి జీవితాంతం నెలకు పద్నాలుగు రూపాయలు ఇస్తానని ఒక్క వాక్యం రాసి, చదివి వినిపించి, సిరా అతని ముందుకు జరిపాను.

నర్సయ్య తన బొటనవేలు చూసుకున్నాడు. “గిదేందమ్మా? మాటంటే మాటే గద, కాగితమెందుకు? ఇంట్ల ఆమెను గూడ అడగాలె...”

“ఎయ్యన్నా, ఎయ్యి,” అంది సత్తెమ్మ. “నేను రాణిని గద! సీకట్ల లేసి నీ బర్లు పిండేది రాణే, పెండ తీసేది రాణే. వదిన పోసే గంజిల మెతుకులెన్నో గది గూడ రాయుండ్రి అమ్మా.”

నర్సయ్య బొటనవేలు సిరాకు అంటకుండానే వెనక్కి పోయింది. వకీలుగారు ఫైలు విప్పి, ‘వేరే ఆధారం లేదు’ అని నాతో రాయించారు.

నవంబరులో నెలకు పదకొండు రూపాయలకు రాజీ కుదిరింది. ఆ తర్వాతే సత్తెమ్మ ఇడుపు కాగితం మీద ముద్ర వేసింది. తానే కొట్లాడి ఇప్పించానని నర్సయ్య వాడంతా చెప్పుకున్నాడట.

అప్పటినుంచి నా పని వరుస మార్చాను. భర్త రాబడి అడగకముందే, వెంట వచ్చిన అన్న ముందో తమ్ముడి ముందో ఆ కాగితం పెట్టేదాన్ని. సాకుతానన్న మాటను కాగితం మీదికి ఎక్కాకే లెక్కలోకి తీసుకోవాలని నేర్చుకున్నాను. 1949 మార్చి 31న పని మానేవరకు పంతొమ్మిది మందికి దాన్ని చూపాను. ఎనిమిదణాల కాగితం ఒక్కటే సరిపోయింది.