నీళ్ళు పోసిన మల్లేశం కోసం రియాద్‌కు

రియాద్ చూడాలన్న సరదా నాకెప్పుడూ లేదు. ఏళ్ళ తరబడి అల్ ఖోబర్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీలో స్టోర్‌కీపరుగా ఉంటూ, శుక్రవారం సముద్రపొడ్డున నడిచి, దోసె తిని పడుకునే మనిషిని. అలాంటివాణ్ణి పొద్దున్నే దమ్మామ్ స్టేషన్‌లో నిలబెట్టాడు మా ప్లంబరు మల్లేశం.

మల్లేశం జగిత్యాల వైపు మనిషి. ట్యునీషియాలో, ఈజిప్టులో జనం వీధుల్లోకి వచ్చి పాలకుల్ని దింపేసిన ఏడాది అది. ఆ గాలి మా తూర్పు తీరానికీ తగిలింది. మాకు కాస్త దూరంలో ఖర్జూర తోటల మధ్య ఒక పాత పట్నం ఉంది. పేరు రాయను, ఊరికే ఎవరినీ ఇరికించడం నాకిష్టం లేదు. అక్కడి నిరసనలో తూటా తగిలి చనిపోయిన ఒక కుర్రాడి శవయాత్రకు మా వ్యాను ఎదురుపడింది. నల్లజెండాలు, గుండెలు బాదుకునే మగవాళ్ళు, నినాదాలు. మల్లేశానికి సొంతూరి పీర్ల పండుగ గుర్తొచ్చింది. అక్కడ పీర్లు గడప ముందుకొస్తే, హిందువులైనా సరే, బిందెలతో ఎదురెళ్ళి మోసేవాళ్ళ కాళ్ళమీద నీళ్ళు పోస్తారు. ఇక్కడా అదే చేశాడు మహానుభావుడు! వ్యానులోని నీళ్ళ క్యాను భుజానికెత్తుకుని పోయి పాడె మోసేవాళ్ళ కాళ్ళు తడిపాడు. దాహమన్నవాళ్ళకు తాగడానికి పోశాడు. ఎవరో తీసిన వీడియోలో కంపెనీ చొక్కాతో అందరికంటే ముందు కనిపించాడు. మర్నాడే పోలీసులు పట్టుకుపోయారు.

పని మా కంపెనీలోనే అయినా మల్లేశం వీసా రియాద్‌లో ఉండే అబూ సాలెహ్ అనే కఫీల్‌ది, అంటే ఇక్కడ మాకు పూచీ ఉండే యజమానిది. ఆ ఆసామి వచ్చి "వీడు నా మనిషే, తెలియక చేశాడు" అంటే దేశం వదిలే ఎగ్జిట్ ముద్ర కొట్టి విమానం ఎక్కించేస్తామని పోలీసు స్టేషన్‌లో అన్నారట. అనకపోతే అల్లర్ల కేసులో లోపలే, ఎన్నాళ్ళో చెప్పే నాథుడు లేడు. అందుకే ఈ ప్రయాణం.

నాతో వచ్చింది వ్యాను డ్రైవరు ఖాదర్ బాషా, కడప మనిషి. అరబ్బీ ధారాళంగా మాట్లాడతాడు. "నేను టైరుకు గాలి పట్టిస్తాంటిన్నా. తిరిగి చూసేతలికి ఈయప్ప క్యాను మోసుకొని గుంపులోకి పాయె. యాడికప్పా అని అరిస్తే, పీర్లొస్తున్నయి కాళ్ళు తడపకుంటే ఎట్ల అనె" అని ఇప్పటికి ఎన్నిసార్లు చెప్పాడో. ఆ వీడియోలో తన వ్యాను కూడా ఉందని తెలిసీ బయల్దేరాడు. అతని ధైర్యానికి దండం పెట్టాలి.

రైలు బాగానే ఉంటుంది. టికెట్‌కు ఇకామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి కార్డు, తప్పనిసరి, సామాను తనిఖీ ఉంటుంది కాబట్టి ముందుగా వెళ్ళండి. సెకండ్ క్లాసులో కూడా ఏసీ ఎముకలు కొరికేస్తుంది, దుప్పటి మరవకండి. బుఖైఖ్ పరిసరాల్లో కిటికీలోంచి చమురు బావుల మంటలు కనబడతాయి. హుఫూఫ్ దగ్గర కాసేపు పచ్చదనం, తరువాత అంతా ఇసుకే.

ఎదురు సీటులో ఒక ఇంగ్లీషాయన, చమురు కంపెనీ ఇంజనీరు, పేపరు చదువుతున్నాడు. కైరో జనం ఫొటో చూపించి, "అద్భుతం కదూ!" అన్నాడు.

"ఇక్కడ కూడా జనం వస్తే అద్భుతమేనా?" అని అడిగేశాను. నా నోరు ఊరుకోదు.

ఆయన పేపరు మడిచాడు. "దాచడమెందుకు? అక్కడ జనం గెలవాలనుకుంటాం. ఇక్కడ మాత్రం గొడవ లేకుండా ఉంటే చాలనుకుంటాం. ఈ చమురు ఆగితే మా ఊళ్ళో శీతాకాలం మా అమ్మకు హీటరు ఉండదు" అన్నాడు. తరువాత రియాద్ దాకా పేపరు తెరవలేదు. అబద్ధం చెప్పనందుకు మెచ్చుకోవాలో, తిట్టుకోవాలో నాకు తేలలేదు.

మధ్యాహ్నానికి దిగాం. టాక్సీలో మనవాళ్ళు ఎక్కువగా ఉండే బత్హా పేటకు వెళ్ళి ఒక మలయాళీ హోటల్లో చేపల కూర, అన్నం తిన్నాం. రుచికి ఢోకా లేదు. ఖాదర్ మాత్రం పళ్ళెం పక్కకు నెట్టి, కఫీల్‌తో అనాల్సిన మాటలు అరబ్బీలో వల్లె వేసుకున్నాడు. పై అంతస్తులోని లాడ్జిలో గది తీసుకుని, సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక కఫీల్ ఆఫీసుకు వెళ్ళాం.

అబూ సాలెహ్ పెద్దమనిషి. ఖహ్వా కాఫీ పోయించాడు, ఖర్జూరాలు పెట్టించాడు. ఖాదర్ పీర్ల సంగతంతా విడమరచి చెబుతుంటే శ్రద్ధగా విన్నాడు. చివర్లో గడ్డం నిమురుకుంటూ, "నీళ్ళు పోయడం పుణ్యం. మల్లేశం మంచివాడు. కానీ వాడిప్పుడు నా మనిషి కాదు. పట్టుకున్నారని తెలిసిన గంటకే హురూబ్ పెట్టించాను" అన్నాడు.

హురూబ్ అంటే పనివాడు పారిపోయాడని సర్కారు రికార్డులో రాయించడం. జైల్లో ఉన్నవాడు పారిపోయాడట! నాకు ఒళ్ళు మండిపోయింది. ఖాదర్ ఆయన చెయ్యి పట్టుకుని బతిమాలాడు. "నాకు నలుగురు కొడుకులున్నారు. వాళ్ళ పేర్లు ఆ కేసు ఫైల్లోకి ఎక్కనివ్వను" అని ఆయన లేచాడు.

ఆఫీసు గుమస్తా, ఈజిప్టువాడు, మెట్ల దాకా మా వెనకే వచ్చాడు. "మా తమ్ముడు కైరోలో వీధుల్లోకి వచ్చిన జనంలోనే ఉన్నాడు. టీవీలో చూసి సంతోషంతో ఏడ్చాను. మీవాడి హురూబ్ పెట్టింది మాత్రం ఈ చేత్తోనే. నాకూ ఇకామా కావాలి కదా" అని తల దించుకున్నాడు.

మర్నాడు పొద్దుటి రైలుకే తిరుగు ప్రయాణం. హుఫూఫ్ దాటాక మల్లేశం భార్య లక్ష్మి ఫోను. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, నాకు నాన్చడం చేతకాదు.

"ఆయన నీళ్ళే గద పోసింది? నీళ్ళు పోసుడు గూడ తప్పేనా అన్నా?" అంది.

"తప్పు కాదమ్మా, ఎప్పటికీ కాదు" అన్నాను. పక్కన ఖాదర్ మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

దమ్మామ్‌లో దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. స్టేషన్ బయట మెట్లమీద ఒక స్థానిక ముసలాయన చతికిలబడి ఉన్నాడు. పెదాలు ఎండిపోయి, నా చేతిలోని నీళ్ళ సీసా చూసి "మోయా" అని చెయ్యి చాచాడు. సీసా నిండుగా ఉంది. నా చెయ్యి కదల్లేదు. ఈయన ఏ ఊరివాడో, చుట్టూ ఎవరున్నారో, ఎవరైనా వీడియోకు ఫోను ఎత్తి పట్టుకున్నారేమో అని అటూ ఇటూ చూశాను. ఎవరూ చూడటం లేదని తేల్చుకున్నాకే ఇచ్చాను.