అన్నిటికీ ఒకటే మాటా?

నా చిన్నప్పుడు ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో చేరితే గానీ ఇంగ్లీషు మొహం చూసేవాళ్లం కాదు. ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో బడి ఐదో తరగతితో సరి. ఆపైన ఆడపిల్లకు చదువెందుకని బంధువులు ఎంత పోరినా వినకుండా, మా నాయన నన్ను నంద్యాలలో మేనత్త ఇంట్లో పెట్టి చదివించాడు. మంచివాడే గానీ, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

దసరా సెలవులకు నేను ఇంటికొచ్చేసరికి చేలో బుడ్డలు పెరుకుతున్నారు. వేరుశనగను మా వైపు అట్లాగే అంటారు. కాయలు కోస్తున్న కూలీల ముందర మా నాయనకు నా ఇంగ్లీషు వినిపించాలని ముచ్చట పుట్టింది. మజ్జిగ చెంబు చాపి, ఇది తీసుకో అనాలంటే ఏమంటారన్నాడు. టేక్ అన్నాను. తలగుడ్డ తీశాడు. టేక్ ఆఫ్ అన్నాను. మందు వేసుకుంటే? టేక్. బస్సులో పోతే? టేక్. పనికి రెండు దినాలు అవుతుందంటే? దానికీ టేకే. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకొని నవ్వారు. మా నాయన మొహం ఎర్రబడింది.

“ఏందీ, అన్నిటికీ ఒకటే మాటా? నా చెవిలో పువ్వు పెడతాండావా? ఇంగ నంద్యాల లేదు, ఏం లేదు. ఈడే ఉండు!”

నా ఖర్మ కాకపోతే, నిజం చెప్పి అబద్ధాలకోరునయ్యాను! చదువు పోయిందనుకొని ఆ సాయంత్రం మా టీచరమ్మ దగ్గరికి పోయి ఏడ్చాను. ఐదో తరగతి దాకా నాకు చదువు చెప్పిన ఆమె, ఊరి చివర చర్చి పక్కన ఉండేది.

మర్నాడు ఆదివారం. ప్రార్థన అయ్యాక ఆమె మా చేనికొచ్చింది. నా గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. అందరితో పాటు కూర్చొని కాయలు కోస్తూ, మధ్య మధ్యలో ఒక కాయను ఒళ్లో వేసుకుంటోంది. కాయలు ఏరుకోవడానికా ఈమె వచ్చిందని నేను లోపల ఉడికిపోయాను. చివరకు లేచి ఆ కాయలన్నీ మా నాయన ముందర పోసింది.

“అన్నా, నువ్వు పట్టు అనే మాట అన్నప్పుడల్లా ఒక కాయ తీసి పెట్టినా. గంప పట్టమంటివి. ముసురు పట్టేట్టుందంటివి. నడుము పట్టేసిందంటివి. కాయకు పురుగు పట్టిందంటివి. పనికి రెండు దినాలు పట్టేట్టుందంటివి. మరి నువ్వు గూడా మమ్మల్ని మోసం చేస్తాండావా?”

మా నాయన ఆ కాయల వంక చూశాడు. ఈమె మీద కూడా కేకలు వేస్తాడేమో, ఉన్న ఆశా పోతుందేమో అనుకున్నాను. ఆయన తల గోక్కొని నవ్వేశాడు.

“అమ్మీ, ఇట్ల రా. తప్పు నాదే. నువ్వు నిజమే చెప్తివి, నాకే తెలీకపాయ.”

నిన్న నవ్వినవాళ్లందరూ అక్కడే ఉన్నారు. వాళ్లందరూ వినేలాగానే అన్నాడు. సెలవులు కాగానే తనే వెంట వచ్చి నన్ను నంద్యాలలో దింపాడు.

తర్వాత నేనూ పంతులమ్మనయ్యాను. ఇంగ్లీషే చెప్పాను. పిల్లల ముందు నా తప్పు బయటపడినప్పుడు పెద్దరికం అడ్డొచ్చేది, నోరు పెగిలేది కాదు. మా నాయనను తలుచుకుంటే మాట వచ్చేది. మొన్న మా మనవరాలిని ఊరికే కసిరాను. మనసొప్పక వెనకాలే వెళ్లి, తప్పు నాదే తల్లీ అన్నాను. అది కళ్లు పెద్దవి చేసుకొని నన్నే చూసింది. ఆ రోజు చేలో మా నాయనను నేనూ అట్లాగే చూసి ఉంటాను.