ఓబులమ్మవ్వ అందించిన గ్లాసు

మా అనంతపురంలో ఉంటున్న ఇద్దరు మార్మన్ అనే క్రైస్తవ శాఖ మిషనరీ అమ్మాయిలకు ఆదివారాలు నేను దుబాసీగా వెళ్తుంటాను. ఇద్దరిదీ ఫిలిప్పీన్స్. నెలలో మొదటి ఆదివారం వాళ్లకు ఉపవాసం, మంచినీళ్లు కూడా ముట్టరు. ఈ రోజు ఆ ఆదివారమే.

మధ్యాహ్నం ఊరి చివర ఎస్సీ కాలనీలో, జ్వరం తగ్గి లేచిన, వాళ్లకు పరిచయమున్న ఓబులమ్మవ్వను చూడటానికి వెళ్లాం. అవ్వ కూలికి పోయే మనిషి. పొద్దున ట్యాంకరు దగ్గర నిలబడి పట్టుకున్న నీళ్లు మూడు గ్లాసుల్లో తెచ్చింది. అమ్మాయిలిద్దరూ చేతులు జోడించి వద్దన్నారు. ఉపవాసం సంగతి నేను చెప్పాను.

"నీళ్లు గూడా లేకుండా ఒక్కపొద్దా! ఈ ఎండలో ఎట్ల తిరుగుతాండారమ్మా?" అని జాలిపడి, అవ్వ మూడో గ్లాసు నాకు అందించింది.

"వద్దవ్వా, నా దగ్గర బాటిలుంది," అన్నాను.

అవ్వ గ్లాసు వెనక్కి తీసుకుంది. "వాళ్లకంటే ఒక్కపొద్దు. నీకేమొచ్చింది పాపా? మా ఇంట్లో నీళ్లు తాగరా మీరు?"

"అట్ల కాదవ్వా," అని నేను చెయ్యి చాచేలోపే నీళ్లు తిరిగి బిందెలో పోసేసింది. ఆ తర్వాత ఏం చెప్పినా తెలుగు రాని ఆ అమ్మాయిల వైపు చూసే చెప్పింది. నా వైపు చూడలేదు.

బయట నీళ్లు తాగకపోవడం నా అలవాటని దారంతా సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, నిన్న మా పక్కింట్లో అడిగి మరీ తాగాను.

రేపు వెళ్లి అవ్వను నీళ్లడగాలని ఉంది. అడిగే ముఖం నాకుందా? మీరైతే వెళ్తారా?