ఇనప కెరటానికి కాపలా

ఓడల కార్ఖానా మూతపడ్డాక ఊరు పదేళ్ళు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. తర్వాత అదే స్థలంలో, వెండిమబ్బు నేలకు దిగినట్టు, కొత్త కళల మ్యూజియం లేచింది. ఇక చూడాలి, ఎక్కడెక్కడి జనమో వచ్చి పడ్డారు. ఈగలు తోలుకుంటున్న హోటళ్ళలో కూర్చోడానికి చోటు లేకుండా పోయింది.

ముప్పయ్యేళ్ళు ఓడల తుప్పు గీకిన పెద్దాయనకు అక్కడే కాపలా పని దొరికింది. ఆయన కాపలా కాసే హాల్లో మూడు నిలువుల ఎత్తు ఇనపరేకు ఒకటి, కెరటంలా వంపు తిరిగి, ఒళ్ళంతా ఎర్రటి తుప్పుతో ఉండేది. పై కిటికీలోంచి ఎండ పడితే అది మెల్లగా ఊగుతున్నట్టు, తాను దాని పక్కన నీళ్ళమీద తేలుతున్నట్టు అనిపించేది ఆయనకు. ఇంత అందగత్తెకి ఈ రోగమేమిటని మనసు పీకేది.

ఒక పొద్దున తలుపులు తెరవకముందే ఇంటినుంచి ఇనప బ్రష్ తెచ్చి, అరచేతి మేర తుప్పు గీకి తళతళలాడించాడు.

మ్యూజియం అధికారిణి చూసి నెత్తి పట్టుకుంది. "అయ్యో బాబాయ్! ఆ తుప్పే కదా శిల్పానికి అందం! కావాలనే పట్టించారు!"

"కావాలనా?" పెద్దాయన నోరెళ్ళబెట్టాడు. "ఈ ముక్క ముప్పయ్యేళ్ళ ముందే తెలిస్తే నా నడుమన్నా మిగిలేది కదమ్మా!"

ఆమెకు నవ్వు ఆగలేదు. "పోనీలే, మళ్ళీ అదే పడుతుంది" అంది.

ఆనాటినుంచి ఆయన రోజూ ఆ మెరుపు పక్కనే కుర్చీ వేసుకుని, ముప్పయ్యేళ్ళు తరిమికొట్టిన తుప్పు ఎప్పుడొస్తుందా అని, కొత్తల్లుడి కోసం చూసినట్టు ఎదురుచూశాడు.