ఈకల హమీదుద్దీన్

ఖతర్‌లో, ముషైరిబ్‌లోని ఆ మూడంతస్తుల బిల్డింగులో హమీదుద్దీన్‌ని ఎరగనివాళ్ళు లేరు. శుక్రవారం సెలవు వస్తే చాలు, గాలం పట్టుకుని బయల్దేరుతాడు. పదకొండేళ్ళలో ఒక్క చేపను ఇంటికి తెచ్చిన పాపాన పోలేదు.

ఎర వానపామూ కాదు, రొయ్యా కాదు. ఈక! గాలపు ముల్లుకు ఈకలూ దారాలూ చుట్టి ఈగను చేస్తాడు. చలికాలంలో మదీనత్ అల్ షమాల్ దగ్గర మోకాలిలోతు సముద్రంలో నిలబడి, సన్నటి బెత్తంతో దారాన్ని గాల్లోకి ఝాడిస్తాడు. చూసేవాళ్ళకు సముద్రాన్ని కొరడాతో కొడుతున్నట్టుంటుంది.

"సముద్రం ఏం తప్పు చేసిందయ్యా, హమీద్ భాయ్?" అనేది కింది వాటా శకుంతలమ్మ. ఆవిడ అడగని ప్రశ్న ఆ బిల్డింగులో ఇంకా పుట్టలేదు.

"ఇది సముద్రపు చేపకు గాదమ్మా. ట్రౌట్ అని, మంచు నదిల ఉంటది."

"ఖతర్‌లో నది ఎక్కడుంది?"

"మాఫీ!" అని, లేదనే అరబ్బీ మాట విసిరి నవ్వేవాడు.

ఎవరింట్లో కోడిని కోసినా ఈకల కోసం ముందు వాలేది అతనే. అందుకే, తన దేవుడి గదిలోని నెమలీకల విసనకర్ర సగం బోడి అయ్యేసరికి శకుంతలమ్మ మరొకరిని అనుమానించలేదు. మెట్లమీద నిలబెట్టి, పదిమందీ వినేలా, "దేవుడి సొమ్ము దొంగిలిస్తావా?" అనేసింది.

హమీదుద్దీన్ ఒక్కసారి ఆవిడ భర్త రామకృష్ణారావు వంక చూశాడు. "మాఫ్ చెయ్యుండ్రి అమ్మా," అని తల దించుకున్నాడు. ఆ రోజునుంచి అతన్ని ఎవరూ గడప తొక్కనివ్వలేదు. భార్య జహనారా మెట్లమీద ఎవరికీ ముఖం చూపలేకపోయింది.

శకుంతలమ్మకు అదీ చాలలేదు. రుజువు కావాలి. ఆ తర్వాతి శుక్రవారం భర్తచేత కారు తీయించి షమాల్ వెళ్ళి, ఒడ్డునున్న అతని డబ్బా తెరిచింది. నెమలీకల ఈగలు! కానీ ఒక్కదానికీ ముల్లు మొన లేదు.

"ఇదేంటయ్యా?"

"నేనే విరిచిన. తేలుతయా లేదా చూసెటందుకు చేపకు దెబ్బెందుకు? మొనలున్న ఈగలు అమెరికాకు పోస్టుల పోతయి." జేబులోంచి ఫోటో తీశాడు. మంచు గట్ల మధ్య నదిలో, వంకరపోయిన వేళ్ళతో ట్రౌట్‌ను పట్టుకుని నవ్వుతున్న ముసలాయన. "మా పాత మేనేజర్ సాబ్. ఈ పని నేర్పినోడు ఆయనే. ఇప్పుడు ఆయన వేళ్ళు వంగుతలేవు. అందుకే నేను కట్టి పంపుతున్న."

"అయితే మాత్రం దేవుడి విసనకర్ర పీకుతావా?"

వెనకనుంచి రామకృష్ణారావు దగ్గాడు. "అవి... నేనే పీకి ఇచ్చానే."

శకుంతలమ్మకు ఇసకలో కూరుకుపోవాలనిపించింది. "మరి ఆ రోజు నోరు విప్పలేదేం, హమీద్ భాయ్?"

"చెప్తే రావుగారికి ఇంట్ల చాయ్ బంద్ అయితది గదమ్మా."

బిల్డింగు చేరగానే శకుంతలమ్మ నేరుగా జహనారా దగ్గరికెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. ఆ తర్వాత తలుపు తలుపూ తట్టి, "దొంగ మా ఇంట్లోనే ఉన్నాడమ్మా, నోరు జారింది నేను," అని చెప్పుకొచ్చింది. మొదటి గుమ్మంలో కళ్ళు పైకెత్తలేకపోయింది. మూడో అంతస్తు చేరేసరికి సిగ్గు సిగ్గుగానే ఉంది కానీ, కబురు అందరికంటే ముందు తానే మోసుకొచ్చానన్న తృప్తి మాత్రం ఆవిడ ముఖంలో దాగలేదు.