బిళ్ళ తిప్పిన చేయి

ఆ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పరికరాలు చూసుకునే ఆవిడను అందరూ మీటరమ్మ అంటారు. ఆవిడకు మనుషుల మీద కోపం రాదు, రోత పుడుతుంది. కోపం వస్తే అరుస్తాం, అరిచాక చల్లబడతాం. రోత అలా పోదు. ముద్దలో వెంట్రుక తగిలినట్టు రోజంతా నోట్లోనే ఉంటుంది.

ల్యాబు రికార్డులకు అట్టలు కట్టే పని మీద నేను అక్కడికి వెళ్తుండేవాణ్ణి. ఒకరోజు ఓ విద్యార్థి లోలకం ఊగకముందే రికార్డులో 9.8 అని రాసేశాడు.

“ఇంకా వేలాడదియ్యనే లేదు కదయ్యా, ఫలితం ఇంటి దగ్గర్నుంచి కట్టుకొచ్చావా?” అంది ఆవిడ.

“పుస్తకంలో అంతే ఉంది కదా మేడమ్.”

“అయితే దారానికి పుస్తకాన్నే కట్టు.”

ఇలాంటివాళ్ళ కోసమే ఆవిడ ల్యాబులో వీపుల పద్ధతి ఉంది. ఇద్దరు విద్యార్థులు వీపులానించి కూర్చోవాలి. ఒకడు మీటరు చూసి అంకె చెప్పాలి, రెండోవాడు రాయాలి. చూసేవాడికి ముందు రాసిన అంకెలు కనబడవు, రాసేవాడికి మీటరు కనబడదు. “ఏం రావాలో తెలిసిన కన్ను అదే తెచ్చిపెడుతుంది. కన్నంత ముఖస్తుతి చేసేది ఇంకోటి లేదు” అనేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలో ఇదే తంతు.

ఆవిడకు ప్రాణం ఒక నల్ల పెట్టె. బారెడు పొడవు. ఒక కొసన దీపం, మధ్యలో రెండు సన్నటి చీలికలు, అవతలి కొసన లెక్కపెట్టే యంత్రం. దీపాన్ని ఎంతగా తగ్గిస్తారంటే, వెలుగు ఒక్కో రవ్వగా వచ్చి పడుతుంది. ఏ రవ్వ ఎక్కడ పడుతుందో ఎవరూ చెప్పలేరు. వేల రవ్వలు పడ్డాక మాత్రం చారలు తేలతాయి. చీలికల మీద చెరో పారదర్శకమైన బిళ్ళ ఉంటుంది. ఒక బిళ్ళను పావు చుట్టు తిప్పితే, ఏ రవ్వ ఏ చీలికలోంచి వచ్చిందో దాని మీద గుర్తు పడిపోతుంది. గుర్తు పడగానే చారలుండవు.

“అంటే మనం చూస్తున్నామని దానికి తెలిసిపోతుందా?” అని అడిగాను.

“ఇందులో నీ కన్నెక్కడుందయ్యా? బిళ్ళ తిప్పి, పెట్టె మూసి, ఇంటికెళ్ళి తలంటుకుని రా. అప్పుడూ చారలుండవు.”

“మరి బిళ్ళ తిప్పనప్పుడు రవ్వ ఏ చీలికలోంచి వెళ్తుంది?”

“తెలీదు. అసలు ఆ ప్రశ్నకు అర్థం ఉందో లేదో కూడా తెలీదు. పెద్దపెద్దవాళ్ళే ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు. తెలీని చోటును తెలీనట్టే వదిలెయ్యాలి, మనకు నచ్చింది తెచ్చి అందులో పెట్టుకోకూడదు. నాకు తెలిసింది ఒకటే. పడ్డ రవ్వ పడ్డట్టే. నువ్వు చదివినా అదే అంకె, నేను చదివినా అదే అంకె, మనిద్దరికీ నచ్చకపోయినా అదే అంకె.”

అలాంటి మనిషి చేతులారా చేసిన పని ఇది. తన చెల్లెలికి ఆపరేషన్ కుట్లు విప్పిన వారంలో తనే నాకు చెప్పింది.

ల్యాబు హెడ్డు ఊళ్ళోవాళ్ళను పిలిచి ఒక సభ పెట్టాడు. మనం చూస్తేనే ప్రపంచం ఉంటుంది అన్నది అంశం. అలాంటి చీలికలూ బిళ్ళలే, ఎర్ర దీపంతో పెద్దగా చేసి పెడితే గోడ మీద వెలుగు చారలు పడతాయి. జనంలోంచి ఒకరు వచ్చి చీలికల పక్కనున్న కంతలో కన్ను పెడతారు. పెట్టగానే చారలు మాయం. తెర వెనక నుంచుని బిళ్ళ తిప్పాల్సింది మీటరమ్మ.

“ఇది మోసం కదండీ” అందావిడ.

“ఉపమానం అనుకోండమ్మా. జనానికి క్వాంటమ్ ఎక్కాలంటే కాస్త నాటకం ఉండాలి. చివర్లో అసలు సంగతి నేనే చెప్తాగా” అన్నాడు హెడ్డు.

సభ రోజు వేదిక ఎక్కింది ఆవిడ చెల్లెలే. బట్టల దుకాణంలో కాజాలు కుట్టే మనిషి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ దుకాణం పైనున్న రెండు గదుల్లోనే ఉంటారు. “అయ్యో, పోయాయి!” అన్న గొంతు తెర అవతల వినబడగానే మీటరమ్మ గుర్తుపట్టింది. అయినా బిళ్ళ వెనక్కి తిప్పింది, మళ్ళీ ముందుకు తిప్పింది. జనం చప్పట్లు కొట్టారు. హెడ్డు మాత్రం అసలు సంగతి చెప్పకుండానే దండం పెట్టి దిగిపోయాడు.

ఇంటికొచ్చాక చెల్లెలి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. “నా కన్నంటే ఏమనుకున్నావు అక్కా! ఇన్నాళ్ళూ సూది బెజ్జానికే వాడాను.” ఆ నవ్వు చూసి మీటరమ్మ పోనీలే అనుకుంది. ఆ పోనీలే తలుచుకుంటే ఆవిడకు ఇప్పటికీ వాంతి వచ్చినంత పనవుతుంది.

నాలుగు నెలలు పోయాయి. అటక మీది డబ్బా అందుకోబోయి చెల్లెలు చటుక్కున చేయి దించేసింది.

“ఏమయిందే?”

“ఏం లేదు. రొమ్ములో చిన్న గడ్డ. సభకు రెండ్రోజుల ముందు చేతికి తగిలింది.”

“నాతో ఒక్క ముక్క చెప్పలేదేం? పరీక్ష చేయించావా?”

“వద్దనుకున్నా. చూడనంతవరకు అది ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. పోయి చూపించుకుంటే ఉన్నట్టే ఖాయమవుతుంది. మీ హెడ్డుగారు చెప్పారుగా.”

“పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట!”

“పిల్లి సంగతి నాకు తెలీదు. నా కన్ను సంగతి రెండొందల మంది చూశారు.”

తెల్లవారగానే మీటరమ్మ ఆమెను ల్యాబుకు లాక్కుపోయింది. అదే ఎర్ర దీపం వెలిగించి, కంతలో కన్ను పెట్టమంది. చారలు కదలలేదు.

“ఇవాళ నా మనసు బాగోలేదు” అంది చెల్లెలు.

“మనసును అవతల పెట్టు. ఈ బిళ్ళ తిప్పు.”

తిప్పింది. చారలు పోయాయి. కళ్ళు మూయించి తిప్పించింది. తెరిచి చూస్తే చారలు లేవు. గది బయట నుంచోబెట్టి తను తిప్పింది, అప్పుడూ లేవు. చెల్లెలు లోపలికొచ్చి బిళ్ళను మళ్ళీ పట్టుకుంది.

“మరి ఆరోజు ఎవరు తిప్పారు?”

“నేనే.”

“నా గొంతు గుర్తుపట్టలేదా?”

“పట్టాను.”

“పట్టి కూడా తిప్పావా?”

“రెండుసార్లు.”

చెల్లెలు బిళ్ళ పట్టుకున్న చేతిని బట్టలకేసి తుడుచుకుంది. “నీకంటే మీ హెడ్డే నయం. వాడు నాకేమీ కాడు” అని వెళ్ళిపోయింది.

మీటరమ్మ ఆ కాళ్ళతోనే హెడ్డు గదికి వెళ్ళింది. చెల్లెలి సంగతంతా చెప్పి, మళ్ళీ సభ పెట్టి జనానికి నిజం చెప్పమంది.

“ఎవరో ఒకరు అపార్థం చేసుకుంటే శాస్త్రం తప్పా అమ్మా? పరిశీలన లేకుండా వాస్తవం లేదని మహామహులే అన్నారు.”

“పరిశీలనకు ఆ బిళ్ళ చేసే పనే చాలని, మనిషి కన్ను అక్కర్లేదని మీకు తెలుసు, నాకు తెలుసు. తెలీనిది డబ్బా అందుకోలేని నా చెల్లెలికి.”

“కూర్చోండి, టీ తెప్పిస్తాను.”

ఆయన మొహంలో సిగ్గు కోసం వెతికిందట. చక్కగా గీసుకున్న గడ్డం తప్ప ఏమీ లేదు. టీ వచ్చేలోపే బయటికి వచ్చేసింది.

ఆసుపత్రికి చెల్లెలు వెళ్ళింది. పక్కన రావద్దంటే మీటరమ్మ పది అడుగులు వెనక నడిచింది. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ లోపలికి పిలిచింది. గడ్డ చెడ్డదే.

“మొదట్లోనే వచ్చుంటే గడ్డ వరకు తీసేసేదాన్ని. ఇప్పుడు రొమ్ము మొత్తం తియ్యాలి. బతుక్కి భయం లేదు. ఇన్నాళ్ళు ఎందుకు రాలేదమ్మా?”

“బద్ధకం డాక్టరుగారూ. దుకాణంలో పని ఎక్కువ” అంది చెల్లెలు, అక్క వైపు చూడకుండా.

తనను కాపాడటానికి చెప్పిన ఆ అబద్ధం మీటరమ్మకు అన్నిటికంటే వెగటుగా తోచింది. “అది నిజం కాదండీ” అని మొదలుపెట్టి, పెట్టె, తెర, బిళ్ళ, రెండుసార్లు, అన్నీ చెప్పేసింది. “నా వల్లే ఆలస్యమయిందని రాయండి.”

“నా కాగితం మీద నీ గోలెందుకక్కా?” చెల్లెలు ఇటు తిరిగింది. “రాయాలంటే నేను నమ్మానని రాయండి డాక్టరుగారూ. భయం వేసి, హాయిగా ఉందని నమ్మాను. అక్క ఆ బిళ్ళ తిప్పకపోయినా ఇంకేదో నమ్మేదాన్నేమో.”

“అలా అని నన్ను వదిలెయ్యకు.”

“ఎవరు వదిలారు? నిన్ను చూస్తే నాకింకా ఒళ్ళు మండుతోంది.”

డాక్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత కాగితం తన వైపు లాక్కుని, ‘ఆలస్యం: నాలుగు నెలలు’ అని రాసి, ఆపరేషన్ తేదీ వేసి, చదువుకోమని వాళ్ళ ముందుకు జరిపింది.

ఇద్దరూ వంగి చదివారు. నాలుగు నెలలన్న ఆ అంకె మీద మాత్రం అక్కాచెల్లెళ్ళకు పేచీ రాలేదు.